బోర్డు లేని షెడ్డులో ఒక పాత మెర్క్యురీ: మరమ్మతు అనుభవం

నల్లగొండ నుంచి దేవరకొండ వెళ్లే రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. బోరు మోటార్ల వైండింగు, మందు కొట్టే స్ప్రేయర్ల మరమ్మతు అక్కడి రోజువారీ పని. సాగర్ వెనుక జలాల్లో చేపలు పట్టే వైజాగ్ కాలనీ జాలర్లు తమ పడవ మోటార్లను కూడా అక్కడికే తెస్తారు. పాత సామాను వ్యాపారి ఒకరు ‘అసలు సిసలైన రేసింగ్ మోటారు’ అని చెప్పి నాకు 38 వేలకు అంటగట్టిన అవుట్‌బోర్డ్‌ను (పడవ వెనుక అంచుకు బయటి నుంచి బిగించే మోటారును) ఒక జాలరి సలహా మీద నేను ఆ షెడ్డుకు చేర్చాను.

మేస్త్రి మొదటి గంటసేపు స్పానర్ ముట్టుకోలేదు. ఆయన ముంబైలో ససూన్ డాక్ దగ్గర పన్నెండేళ్లు పనిచేసి వచ్చిన మనిషి. కిరసనాయిల్‌లో తడిపిన గుడ్డతో మోటారు మీది రేకు పలకను మెల్లగా తుడిచి, అక్షరాలను వేలితో తడిమి, ‘కె జి 7’ అని చదివారు. అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో, సెడార్‌బర్గ్ అనే చిన్న ఊళ్లో కార్ల్ కీక్‌హేఫర్ 1939లో మొదలుపెట్టిన మెర్క్యురీ సంస్థ, 1950ల ఆరంభంలో ‘సూపర్ 10 హరికేన్’ పేరుతో అమ్మిన మోటారు అది. రెండు సిలిండర్లు కలిపి సుమారు 325 సీసీ, అంటే ఆనాటి పడవ పందేల్లో ‘బి’ తరగతికి పెట్టిన 20 ఘనపుటంగుళాల హద్దుకు సరిగ్గా లోపల. పేరులో 10 అని ఉన్నా, అంతకంటే ఎక్కువ గుర్రాల శక్తినే ఇస్తుందని నడిపినవాళ్లందరికీ తెలుసు.

అయితే పందేనికి తయారైన మోటారుకు అంకె తర్వాత ‘హెచ్’ అక్షరం ఉంటుంది. నా పలక మీద అది లేదు. అక్షరం అరిగిపోయి ఉండవచ్చని నేను వాదించబోతే, ఆయన మోటారును పడుకోబెట్టి కింది భాగం చూపించారు. రేసింగ్ మోటారుకు ‘క్విక్‌సిల్వర్’ అనే సన్నటి కాలు, అంటే నీళ్లలో మునిగే కింది భాగం, ఉంటుంది. అందులో న్యూట్రల్ లేదు, రివర్స్ లేదు, చివరికి నీటి పంపు కూడా లేదు, పడవ వేగమే నీటిని పైకి తోసి ఇంజిన్‌ను చల్లబరుస్తుంది. నా మోటారు కాలు లావుగా ఉంది, లోపల రబ్బరు ఇంపెల్లర్ (నీటిని తోసే రెక్కల చక్రం) ఉన్న పంపు కూడా ఉంది. వ్యాపారి గొప్పగా చూపించిన రెండు రెక్కల కంచు ప్రొపెల్లర్‌ను విప్పితే, షాఫ్టుకు సరిపోవడానికి ఎవరో లేత్ మీద తిప్పి దూర్చిన కొత్త బుష్ తళతళలాడుతూ బయటపడింది. “ఇది రేసు మోటరు కాదు సార్, రేసు మోటరుకు తోడబుట్టింది,” అన్నారు మేస్త్రి. ముప్పై ఎనిమిది వేలు పోసిన నాకు ఆ మాట అప్పుడు రుచించలేదు కానీ, ఈ షెడ్డుకు నేను ఎక్కువ మార్కులు వేసేది ఆ గంటకే. అవునని తలూపి రేసింగ్ మోటారు పేరుతో రెట్టింపు కూలి అడిగినా నాకు తెలిసేది కాదు.

విప్పడంలోనూ అదే నిదానం. అంతకుముందు ఎవరో ఫ్లైవీల్‌ను సుత్తితో కొట్టిన గుర్తులున్నాయి. ఈయన పుల్లర్ బిగించి, ఒక రాత్రి అలాగే వదిలేసి, తెల్లారి పావు చుట్టు తిప్పి ఊడదీశారు. పట్టేసిన పిస్టన్లను డీజిల్, గేర్ ఆయిల్ కలిపిన మిశ్రమంలో ఎనిమిది రోజులు నాననిచ్చారు. కనెక్టింగ్ రాడ్ల కింది బేరింగుల్లో విడివిడి రోలర్లుంటాయని ముందే తెలిసినట్టు తెల్లటి పంచె పరిచి, రాలినవాటిని రాడ్డువారీగా రెండు టీ గ్లాసుల్లో వేసి, లెక్కను గోడ మీద సుద్దతో రాసుకున్నారు. బిగించేటప్పుడు గ్రీజు అద్ది ఒక్కొక్కటి నిలబెట్టారు. పిస్టన్ తల మీద ఒక వైపు మిట్ట ఉంటుంది. దాన్ని తిప్పి పెడితే కొత్త గాలి నేరుగా పొగ దారిన పోతుందని నా చేత కూడా పట్టించి చూపారు.

ఇంధనం విషయంలో ఆయన ఇచ్చిన హెచ్చరిక పాత మోటార్లున్న వారందరికీ పనికొస్తుంది. నా కార్బురేటర్‌లో ఉన్నది లక్క పూత పూసిన కార్క్ ఫ్లోట్, అంటే పెట్రోలు మీద తేలుతూ దాని మట్టాన్ని అదుపు చేసే బెండు ముక్క. ఇప్పుడు బంకుల్లో దొరికే 20 శాతం ఇథనాల్ పెట్రోలుకు ఆ లక్క కరుగుతుంది, కార్క్ తడిసి బరువెక్కుతుంది, కార్బురేటర్ పొంగుతుంది. పాత పూత గీకి, ఇంధనానికి తట్టుకునే కొత్త పూత వేశారు. ఆముదం పండే జిల్లా వాడిని కనుక, పాతకాలపు పందేల్లో ఆముదమే వాడేవారట కదా అని ఉత్సాహంగా అడిగాను. అది మిథనాల్‌తో నడిచే ఇంజిన్లకు సరిపోయింది కానీ పెట్రోలులో సరిగ్గా కలవదు, జిగురు కడుతుంది అని ఆపారు. లీటరుకు 40 మిల్లీలీటర్ల చొప్పున మామూలు అవుట్‌బోర్డ్ ఆయిల్ కలపమన్నారు.

నా ఫిర్యాదులు కూడా చెప్పాలి. రెండు నెలలన్న పని ఐదు నెలలు పట్టింది. ఇంపెల్లర్ బయటి దేశం నుంచి రావడం ఆలస్యమైంది నిజమే కానీ, ఆ సంగతి ఫోను చేసి చెప్పలేదు, నేనే నాలుగుసార్లు తిరిగాను. బిల్లు ఇవ్వరు. అన్నిటికంటే బాధ కలిగించినది రంగు. మూత మీద మిగిలి ఉన్న పాత అక్షరాల బొమ్మను నన్ను అడగకుండా గీకేసి, ఆనాటి ముదురు ఆకుపచ్చకు బదులు ట్రాక్టరుకు వేసే ఆకుపచ్చ కొట్టారు. పలక మీద మాత్రం ముందుగానే టేపు అంటించి కాపాడారు.

కాలులో పంపు ఉంది కాబట్టి నీళ్ల డ్రమ్ములోనే నడిపి చూడగలిగాం. అసలు క్విక్‌సిల్వర్ అయితే అలా నిలబెట్టి నడిపితే వేడెక్కి పాడవుతుంది. ఆరోసారి తాడు లాగితే అంటుకుంది. తర్వాత తెలిసిన జాలరి పడవకు బిగించి అరగంట తిప్పాం. మధ్యలో ఆగలేదు, గేర్ ఆయిల్ పాలలా తెల్లబడలేదు, అంటే లోపలికి నీళ్లు చేరలేదు. కూలి 14,500, సామాను వేరు. ఎవరైనా వెళ్లదలిస్తే మోటారును విప్పకుండా, తుడవకుండా, పలకతో సహా తీసుకువెళ్లండి. రంగు సంగతి మాత్రం మొదటి రోజే తేల్చి చెప్పండి.