ఖగోళ చిత్రాలకు డీప్‌స్కైస్టాకర్, సిరిల్, పిక్స్‌ఇన్‌సైట్: ఏది మేలు?

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మామూలు డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరాతో రాత్రి ఆకాశాన్ని తీయడం మొదలుపెట్టిన విద్యార్థులకూ ఉపాధ్యాయులకూ అసలు చిక్కు చిత్రాలు తీసుకుని ఇంటికి వచ్చాక ఎదురవుతుంది. డిండి జలాశయం గట్టు మీదనో, దేవరకొండ దాటాక చందంపేట వైపు చీకటి పొలాల్లోనో తీసిన వంద చిత్రాలు మెమరీ కార్డులో ఉంటాయి. ఒక్కొక్కటి విడిగా చూస్తే మసకగా, నాయిస్‌తో (ఇసుక చల్లినట్టుండే రేణువులతో) నిండి కనిపిస్తుంది. వాటన్నిటినీ ఒక్క చిత్రంగా కలిపే సాఫ్ట్‌వేర్లలో మనవాళ్ల నోట ఎక్కువగా వినిపించే డీప్‌స్కైస్టాకర్, సిరిల్, పిక్స్‌ఇన్‌సైట్ అనే మూడింటిని, మన దగ్గర సాధారణంగా ఉండే పరికరాలనూ మన వాతావరణాన్నీ దృష్టిలో పెట్టుకుని ఇక్కడ పోల్చి చూస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెబుతాను. ఒక కెమెరా, ఒకటి రెండు లెన్సులు, 8 జీబీ మెమరీ ఉన్న లాప్‌టాప్ చేతిలో ఉండి, ఈ పనిని నిజంగా నేర్చుకోవాలనుకునేవారికి సిరిల్ మేలు. అయితే ఈ మాట అన్ని రకాల చిత్రాలకూ వర్తించదు. ఎక్కడ వర్తించదో కూడా చెప్పడం అవసరం.

మూడూ చేసే మూలమైన పని ఒక్కటే. ఆకాశాన్ని తీసిన లైట్ ఫ్రేముల నుంచి, లెన్సుకు మూత పెట్టి అదే వ్యవధితో తీసిన డార్క్ ఫ్రేములను తీసివేయడం, లెన్సు మూలల్లో తగ్గిన వెలుగునూ సెన్సార్ మీది దుమ్ము మచ్చలనూ ఫ్లాట్ ఫ్రేములతో సరిచేయడం, ఆపైన నక్షత్రాలను గుర్తించి అన్ని ఫ్రేములనూ ఒకదానిపై ఒకటి సరిగ్గా కూర్చి సగటు తీయడం. ఫ్రేముల సంఖ్యకు వర్గమూలం ఎంతో అన్ని రెట్లు నాయిస్ తగ్గుతుంది; అంటే 25 ఫ్రేములు కలిపితే అయిదో వంతుకు, 100 కలిపితే పదో వంతుకు దిగుతుంది. ఈ గణితంలో మూడు సాఫ్ట్‌వేర్ల మధ్యా చెప్పుకోదగ్గ తేడా లేదు. విమానం గీతలూ ఉపగ్రహాల గీతలూ చెరిపేసే సిగ్మా క్లిప్పింగ్ పద్ధతి కూడా మూడింటిలోనూ ఉంది.

డార్క్ ఫ్రేముల విషయంలో మన ప్రాంతానికి ఒక హెచ్చరిక చెప్పాలి. సెన్సార్ ఉష్ణోగ్రత సుమారు 6 డిగ్రీలు పెరిగినప్పుడల్లా దానిలో పుట్టే ఉష్ణ నాయిస్ రెట్టింపవుతుంది. జనవరి రాత్రికీ మే రాత్రికీ 10 డిగ్రీలకు పైగా తేడా ఉండే పాలమూరులో, చలికాలంలో తీసి దాచుకున్న డార్క్‌లను వేసవిలో వాడితే, మూడు రెట్లకు పైగా ఉన్న నాయిస్‌ను అవి సరిచేయలేవు. శీతలీకరణ లేని కెమెరా వాడేవారు ఏ రాత్రి డార్క్‌లు ఆ రాత్రే తీసుకోవాలి. ఈ లోటును పూడ్చే సాఫ్ట్‌వేర్ ఏదీ లేదు.

ఇక తేడాలన్నీ దారి తెలుసుకోవడంలో ఉన్నాయి. ఏది ఎక్కడ ఉంది, ఏ మీట నొక్కితే ఏం జరుగుతుంది, జరిగింది తెర మీద కనిపిస్తుందా లేదా అన్నవే ప్రశ్నలు.

డీప్‌స్కైస్టాకర్ ఉచితం. విండోస్ వాడేవారికి చాలా ఏళ్లుగా ఇదే తొలి మెట్టు. తెరకు ఎడమవైపు పై నుంచి కిందికి వరుసగా పనులు రాసి ఉంటాయి: చిత్రాలు తెరవడం, డార్క్‌లు తెరవడం, ఫ్లాట్‌లు తెరవడం, అన్నిటికీ టిక్కు పెట్టడం, రిజిస్టర్ చేయడం (నక్షత్రాలను గుర్తించడం), స్టాక్ చేయడం (ఫ్రేములను ఒక్కటిగా కలపడం). ఆ వరుసలోనే దిగుతూ పోతే చాలు, మొదటిసారి వాడేవారికి కూడా గంటలోపు ఒక ఫలితం చేతికి వస్తుంది. దీనిలో నాకు బాగా నచ్చేది కింద ఉండే పట్టిక. రిజిస్టర్ చేసిన తర్వాత ప్రతి ఫ్రేముకూ ఒక స్కోరు, అందులో దొరికిన నక్షత్రాల సంఖ్య అక్కడ కనిపిస్తాయి. మధ్యలో పలుచని మబ్బు వచ్చిన చోట, ట్రైపాడ్ కదిలిన చోట స్కోరు పడిపోతుంది. ఆ ఫ్రేము మీద నొక్కి చూసి, టిక్కు తీసేయవచ్చు. మంచి ఫ్రేము ఏదో, చెడ్డది ఏదో కంటికి అలవాటు కావడానికి ఈ పట్టిక గొప్ప సాధనం. కానీ స్టాకింగ్ పూర్తయ్యాక డీప్‌స్కైస్టాకర్ దగ్గర ఇంకేమీ పెద్దగా మిగలదు. వెలుగు, రంగు సరిచేసే మూడు చిన్న పలకలు ఉన్నా అవి మొరటుగా పనిచేస్తాయి. ఆటోసేవ్ పేరుతో అది దాచిన 32 బిట్‌ల టిఫ్ ఫైలును గింప్ 2.10 లేదా ఫోటోషాప్‌లో తెరిచి మిగతా పని అక్కడ చేసుకోవాల్సిందే.

సిరిల్ కూడా ఉచితమే, పైగా ఓపెన్ సోర్స్. విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటిలోనూ నడుస్తుంది కాబట్టి ప్రయోగశాలలో లినక్స్ వాడే కళాశాలలకు ఇది సహజమైన ఎంపిక. దీనిలో మొదటి అడుగు మాత్రం కొంచెం తికమక పెడుతుంది. చిత్రాలను తెరవడానికి ముందే ఒక ఫోల్డర్‌ను పని స్థలంగా ఎంచుకోవాలి. ఆ ఫోల్డర్ లోపల లైట్స్, డార్క్స్, ఫ్లాట్స్, బయాసెస్ అనే నాలుగు ఫోల్డర్లు ఆంగ్ల అక్షరాల్లో సరిగ్గా అదే బహువచన రూపంలో ఉండాలి. (బయాస్‌లంటే మూత పెట్టి అతి తక్కువ వ్యవధితో తీసిన ఫ్రేములు.) చివరి అక్షరం మరిచినా స్క్రిప్టు ఆగిపోయి, కన్సోల్‌లో ఎర్ర అక్షరాలతో తప్పు చూపిస్తుంది. అన్నీ సరిగ్గా ఉంటే, స్క్రిప్టుల మెనూలో రంగు కెమెరాల కోసం ఉన్న ఓఎస్‌సీ ప్రీప్రాసెసింగ్‌ను ఎంచుకుంటే చాలు, మిగతాదంతా అదే చేస్తుంది. డార్క్‌లు లేనివారికీ ఫ్లాట్‌లు లేనివారికీ వేరు వేరు స్క్రిప్టులు అక్కడే ఉన్నాయి.

స్క్రిప్టుతో మొదలుపెట్టడం మంచిదే కానీ అక్కడే ఆగిపోకూడదని నా గట్టి నమ్మకం. రెండోసారి అదే చిత్రాలను సిరిల్‌లోని పలకల ద్వారా చేతితో నడిపించాలి: ఫైళ్లను సిరిల్ రూపానికి మార్చడం, కాలిబ్రేట్ చేయడం (డార్క్, ఫ్లాట్‌లతో సరిచేయడం), రిజిస్టర్ చేయడం, గ్రాఫ్ చూసి చెడ్డ ఫ్రేములను తీసేయడం, స్టాక్ చేయడం. ప్రతి దశ తర్వాతా ఒక కొత్త ఫైళ్ల వరుస తయారవుతుంది. దాన్ని తెరిచి, ముందటి దశతో పోల్చి, డార్క్ తీసేశాక వేడి పిక్సెళ్లు (చీకట్లోనూ వెలుగుతూ కనిపించే చుక్కలు) ఎలా మాయమయ్యాయో చూడవచ్చు. విద్యార్థికి ఇంతకంటే మంచి పాఠం దొరకదు.

ఆ ఫైళ్ల వరుసలకు డిస్కులో చోటు కావాలన్నది సిరిల్‌తో వచ్చే పెద్ద ఇబ్బంది. 24 మెగాపిక్సెళ్ల కెమెరా ఫ్రేము మూడు రంగులతో 32 బిట్‌లలోకి మారితే దాదాపు 288 ఎంబీ అవుతుంది. వంద ఫ్రేములైతే ఒక్క దశకే సుమారు 29 జీబీ. కాలిబ్రేట్ చేసినవి, రిజిస్టర్ చేసినవి కలిపితే 60 జీబీకి దగ్గర పడుతుంది. 256 జీబీ డిస్కు ఉన్న లాప్‌టాప్‌లో సగం దారిలో పని ఆగిపోవడానికి తరచుగా ఇదే కారణం. ప్రాధాన్యతల్లో 16 బిట్‌లు ఎంచుకుంటే ఈ పరిమాణం సగానికి తగ్గుతుంది, పని ముగిశాక మధ్యంతర ఫైళ్లను తుడిచేయవచ్చు. చోటు బొత్తిగా లేనివారికి మాత్రం డీప్‌స్కైస్టాకర్ తేలిక.

మూడింటి స్వభావాలూ బయటపడే చోటు ఒకటి ఉంది. స్టాకింగ్ విజయవంతంగా ముగిసిందన్న సందేశం వచ్చాక, ఫలితాన్ని తెరిస్తే తెరంతా నల్లగా ఉంటుంది. మన అక్షాంశం నుంచి 67 డిగ్రీల ఎత్తుకు ఎక్కే ఒరాయన్ నెబ్యులాను (వాయువు, ధూళి మేఘాన్ని) రెండు గంటలు తీసినా, కనిపించేది నాలుగైదు తెల్లటి చుక్కలే. చిత్రం పాడు కాలేదు. సమాచారమంతా హిస్టోగ్రామ్‌లో (వెలుగు స్థాయిల గ్రాఫ్‌లో) ఎడమ అంచున, 65,536 స్థాయిల్లో అట్టడుగు భాగంలో ఇరుక్కుని ఉంది. దాన్ని సాగదీయడాన్నే స్ట్రెచ్ అంటారు. సిరిల్‌లో చిత్రం అడుగున లీనియర్ అని చూపే చిన్న జాబితా ఉంటుంది. దాన్ని ఆటోస్ట్రెచ్‌కు మార్చగానే నెబ్యులా రెక్కలు విచ్చుకుని కనిపిస్తాయి. అయితే ఇది చూపు మాత్రమే, ఫైలు లోపలి అంకెలు మారవు. ఈ స్థితిలో జేపీఈజీగా దాచి ఫోనులో తెరిస్తే మళ్లీ నల్లటి చిత్రమే వస్తుంది. నిజమైన మార్పు హిస్టోగ్రామ్ ట్రాన్స్‌ఫర్మేషన్‌లోనో, సాధారణీకరించిన హైపర్‌బోలిక్ స్ట్రెచ్‌లోనో చేయాలి. పిక్స్‌ఇన్‌సైట్‌లోనూ ఇదే విభజన ఉంది: కంట్రోల్, 'A' మీటలు కలిపి నొక్కితే చూపు మారుతుంది, ఆ చూపును శాశ్వతం చేయాలంటే దాని పలక మూలన ఉన్న చిన్న త్రిభుజాన్ని లాక్కెళ్లి హిస్టోగ్రామ్ పలకపై వదలాలి, ఆపై దాన్ని చిత్రానికి వర్తింపజేయాలి. డీప్‌స్కైస్టాకర్‌లో మాత్రం చిత్రాన్ని దాచేటప్పుడు, చేసిన సర్దుబాట్లను చిత్రంలో కలపాలా, ఊరికే జతచేసి ఉంచాలా అని అడుగుతుంది. ఆ ప్రశ్నను చదవకుండా దాటేసేవారే ఎక్కువ. చూపుకూ అంకెలకూ మధ్య ఉన్న ఈ తేడా అర్థమైతే ఖగోళ చిత్రాల పనిలో సగం అర్థమైనట్టే. దాన్ని అన్నిటికంటే స్పష్టంగా నేర్పేది సిరిల్.

నేపథ్యపు వెలుగును తీసివేయడంలో తేడా ఇంకా పెద్దది. నల్లగొండ పట్టణానికి పది కిలోమీటర్ల దూరం పోయినా, హైదరాబాద్ వైపు వాయవ్యాన ఆకాశం పసుపు రంగులో వెలుగుతూనే ఉంటుంది. ఆ వెలుగు చిత్రంలో ఒక మూల నుంచి మరో మూలకు జారే వాలుగా కనిపిస్తుంది. డీప్‌స్కైస్టాకర్‌లో ఈ వాలును తీసే సాధనం లేదు. సిరిల్‌లోని బ్యాక్‌గ్రౌండ్ ఎక్స్‌ట్రాక్షన్ చిత్రమంతా చిన్న చిన్న చదరాలు పరచి, అక్కడి వెలుగును బట్టి వాలును లెక్కగట్టి తీసివేస్తుంది. చదరాల్లో ఏదైనా నెబ్యులా మీద పడితే దాన్ని చేతితో తొలగించాలి, లేకుంటే నెబ్యులాయే వెలుగు కాలుష్యంగా లెక్కలోకి వచ్చి మాసిపోతుంది. పిక్స్‌ఇన్‌సైట్‌లో ఈ పనికి ఒకటి కంటే ఎక్కువ సాధనాలు ఉన్నాయి, అవి ఇంకా సూక్ష్మంగా పనిచేస్తాయి. ఏది వాడినా స్ట్రెచ్ చేయడానికి ముందే ఈ పని జరగాలి.

రంగుల సంగతి క్లుప్తంగా చెబుతాను. సిరిల్, పిక్స్‌ఇన్‌సైట్ రెండూ చిత్రంలోని నక్షత్రాలను గుర్తించి, నక్షత్ర పట్టికల్లో వాటికి నమోదైన రంగులతో పోల్చి చిత్రం రంగును సరిచేస్తాయి. లెన్సు ఫోకల్ పొడవు, పిక్సెల్ కొలత సరిగ్గా ఇవ్వాలి. ఇంటర్నెట్ ఉంటే సులువు. డీప్‌స్కైస్టాకర్‌లో ఈ సౌకర్యం లేదు.

ఈ మూడూ సరిపోని పనులు రెండున్నాయి. నారాయణపేట జిల్లా ముడుమాల్‌లో సప్తర్షి మండలాన్ని పోలిన గుంటలు చెక్కిన రాయితో పాటు నిలువురాళ్లు ఉన్నాయి. ఆ రాళ్లను ముందు పెట్టి, పైన పాలపుంతను తీయాలని చాలామందికి కోరిక. కదలని ట్రైపాడ్ మీద తీసినప్పుడు నక్షత్రాలు ఫ్రేము నుంచి ఫ్రేముకు జరుగుతాయి, రాళ్లు జరగవు. నక్షత్రాలను కూర్చితే రాళ్లు మసకబారతాయి. ఇలాంటి చిత్రానికి విండోస్‌లో ఉచితంగా దొరికే సీక్వేటర్ అనే సాఫ్ట్‌వేర్ మేలు. ఆకాశం ఎంతవరకో బ్రష్‌తో చూపించి, నేలను స్థిరంగా ఉంచమంటే అది రెండింటినీ వేరుగా కలుపుతుంది. చంద్రుడు, గ్రహాల విషయమూ వేరే. అక్కడ వీడియో తీసి ఆటోస్టాకర్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో మంచి ఫ్రేములను ఏరుకోవడమే సరైన పద్ధతి.

అందమైన చిత్రం కోసం కాకుండా కొలత కోసం తీసేవారికి ఎంపిక పూర్తిగా మారిపోతుంది. ఉస్మానియా విశ్వవిద్యాలయం జపాల్-రంగాపూర్ పరిశీలనాలయంలో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టిన ప్రాంతం మనది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని అక్కడి నుంచి పరిశీలించారు. ఆ సంప్రదాయంలో వెలుగు మారే నక్షత్రాన్ని కొలిచి ప్రాజెక్టు చేయాలనుకునే డిగ్రీ విద్యార్థి ఆస్ట్రోఇమేజ్‌జే అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి. లక్ష్య నక్షత్రం చుట్టూ ఒక వలయం, పోలిక నక్షత్రాల చుట్టూ కొన్ని వలయాలు గీస్తే, వరుసలోని ప్రతి ఫ్రేములోనూ వెలుగును కొలిచి గ్రాఫ్ గీస్తుంది. ఖగోళ శాస్త్రవేత్తలు 1981 నుంచి వాడుతున్న ఫిట్స్ ఫైలులో తల భాగాన సమయం, ఎక్స్‌పోజర్ వంటి వివరాలు వరుసకు 80 అక్షరాల చొప్పున రాసి ఉంటాయి. కొలతకు ఆ సమయమే ప్రాణం. కొలత చేయబోయే ఫ్రేములను స్ట్రెచ్ చేయకూడదు, స్ట్రెచ్ చేస్తే వెలుగుల నిష్పత్తులు చెడిపోతాయి.

చివరగా పిక్స్‌ఇన్‌సైట్. స్పెయిన్‌లో తయారయ్యే ఈ సాఫ్ట్‌వేర్ లైసెన్సు సుమారు 300 యూరోలు. మన దగ్గర ఆ సొమ్ముతో ఒక మంచి పాత లెన్సు కొనవచ్చు. దీని శక్తిని తక్కువ చేసి చెప్పలేను. డబ్ల్యూబీపీపీ అనే స్క్రిప్టు వందల ఫ్రేములను వ్యవధి, ఫిల్టరు వారీగా విడదీసి, ప్రతి ఫ్రేముకూ నాణ్యతను బట్టి బరువు కట్టి కలుపుతుంది. కానీ దీని తెర మీద దారి ఎక్కడా రాసి ఉండదు: పదుల కొద్దీ ప్రక్రియలు అక్షర క్రమంలో ఉంటాయి, ఏది ముందో ఏది తర్వాతో వాడేవారికే తెలిసి ఉండాలి. సిరిల్‌లో దశలు చేతికి అలవాటైనవారికి అది అడ్డంకి కాదు. కొత్తవారికి మాత్రం మొదటి వారంలోనే విసుగు తెప్పిస్తుంది. 8 జీబీ మెమరీతో ఇది నత్తనడక నడుస్తుంది, కనీసం 16 జీబీ ఉంటేనే దీని జోలికి పోవాలి. రెండు చలికాలాలు సిరిల్‌తో పనిచేసి, దాని నేపథ్య సాధనం, నాయిస్ తగ్గించే సాధనం తమ చిత్రాలకు చాలడం లేదని చిత్రాన్ని చూపించి చెప్పగలిగినవారు కొనడంలో తప్పులేదు. కొనేముందు 45 రోజుల ఉచిత ట్రయల్ ఉంది. దాన్ని నవంబరులో మొదలుపెడితే ఆకాశం బాగున్న రాత్రులన్నీ మెనూలు వెతకడానికే సరిపోతాయి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా తీసిన ఫ్రేములన్నీ డిస్కులో దాచుకుని, జూన్ చివర మబ్బులు కమ్మి నెలల తరబడి చుక్క కనిపించని రోజుల్లో ట్రయల్ తీసుకుని, సిరిల్‌లో ఇప్పటికే పూర్తిచేసిన చిత్రాలనే దీనిలో మళ్లీ చేసి, రెండు ఫలితాలనూ పక్కపక్కన పెట్టి చూడాలి.