5 డోర్ మారుతి జిమ్నీకి తక్కువ ఖర్చులో 2 ఇంచుల లిఫ్ట్, హైదరాబాద్ లో వాడాక నా రివ్యూ

మన జిమ్నీకి లిఫ్ట్ (స్ప్రింగుల దగ్గర మార్పులు చేసి బాడీని పైకి ఎత్తడం) అవసరమా అని అడిగితే వికారాబాద్ వైపు ట్రెయిల్స్ కి, అంటే మట్టి, రాళ్ల దారులకి పోయేవాళ్లకి అవసరమే అంటా. గ్రౌండ్ క్లియరెన్స్ (నేలకీ బండి కింద భాగానికీ మధ్య ఖాళీ) కంపెనీ ఇచ్చిన 210 మిమీ బాగానే ఉంది, ఇబ్బందంతా పొడవుతోనే. బయటి దేశాల 3 డోర్ కి వీల్‌బేస్ (ముందు, వెనక చక్రాల మధ్య దూరం) 2250 మిమీ, మనది 2590, దాంతో బ్రేకోవర్ యాంగిల్ (బండి మధ్య భాగం కింద తగలకుండా గట్టు దాటగలిగే కోణం) 28 డిగ్రీల నుంచి 24కి పడిపోయింది. ఎత్తైన పొలం గట్టో బండరాయో వస్తే ముందు చక్రాలు ఈజీగా దాటేస్తాయి, తర్వాత కింద చాసిస్ రాసుకుంటది. దీనికి 2 ఇంచులు చాలు, అంతకంటే పైకి పోతే బ్రేక్ హోసులు, ఇంజిన్ పవర్ ని చక్రాల వైపు చేర్చే ప్రొపెల్లర్ షాఫ్ట్ యాంగిల్ అన్నీ చూసుకోవాలి, బడ్జెట్ అక్కడే ఎగిరిపోద్ది.

అన్నిటికంటే చవక స్పేసర్లు. స్ప్రింగ్ మీద ముక్క పెట్టి ఎత్తడమే. కానీ షాకబ్జర్ పాతదే కాబట్టి చక్రం కిందికి దిగే ట్రావెల్ ఆ మేరకు తగ్గుతది, గుంతల్లో చక్రం తొందరగా గాల్లోకి లేస్తది. బండి చూడ్డానికి ఎత్తుగా ఉంటే చాలు అనుకునేవాళ్లకి ఓకే, ట్రెయిల్ కి మాత్రం నేను వద్దంటా.

నేను తీసుకుంది ఇక్కడే తయారైన స్ప్రింగులు, వాటికి సరిపోయే పొడవు షాకబ్జర్లు, ఫిట్టింగ్ అలైన్‌మెంట్ అంతా కలిపి 60 వేల లోపే అయింది. ఇంపోర్టెడ్ కిట్ అయితే దీనికి డబుల్ చెప్పారు. ఆటోనగర్ లో నాకు ఫిట్ చేసిన భాయ్ మొదటే అడిగాడు, "అన్నా, బండికి స్టీల్ బంపర్ ఉందా, వించ్ పెడ్తవా?" (వించ్ అంటే ఇరుక్కున్న బండిని లాగే మెషిన్.) ఆ బరువులేం లేవని చెప్తే హెవీ స్ప్రింగులు పక్కన పెట్టి లైట్ లోడ్ వి తీశాడు. చాలామంది స్ట్రాంగ్ గా ఉంటాయని హెవీవి వేయించుకుని ఖాళీ బండిలో నడుం విరగ్గొట్టుకుంటున్నారు. ఇంకో మంచి పని, యాక్సిల్ ని చాసిస్ కి పట్టి ఉంచే ఆర్మ్ ల బోల్టులు జాక్ మీద ఉండగా ఫుల్ టైట్ చెయ్యకుండా బండి నేల మీదికి దించాక టైట్ చేశాడు. అట్లా చెయ్యకపోతే రబ్బర్ బుష్షులు మెలిపడి త్వరగా చిరుగుతాయి. మీరు ఎక్కడ చేయించినా ఇది మాత్రం పక్కన నిలబడి చూడండి.

క్యాస్టర్ (స్టీరింగ్ తిరిగే అక్షం వెనక్కి వాలే కోణం) సరిచేసే బుష్షులు మర్చిపోవద్దు, కిట్ లో రాకపోతే విడిగా కొనాలి. ముందు కూడా రిజిడ్ యాక్సిల్ (రెండు చక్రాలకీ కలిపి ఒకే ఇరుసు) కాబట్టి ఎత్తగానే క్యాస్టర్ తగ్గుతది, ఔటర్ రింగ్ రోడ్ మీద 100కి పోతే స్టీరింగ్ తేలిపోతది, తిప్పాక తనంతట తను సెంటర్ కి రాదు. నాకు లిఫ్ట్ తోపాటే వేశారు, స్టీరింగ్ స్టాక్ (కంపెనీ ఇచ్చినప్పటి) లాగే ఉంది. హెడ్‌లైట్లు కూడా కిందికి సెట్ చేయించండి, ఎదురొచ్చేవాళ్ల కళ్లలో పడుతున్నాయి.

ఇప్పుడు ట్రెయిల్ మీద కింద రాసుకునే చప్పుడు బాగా తగ్గింది, కాలనీల్లో స్పీడ్ బ్రేకర్లు కూడా మెత్తగానే దాటుతది. మలుపుల్లో కొంచెం ఒరుగుతది, అది తప్పదు. మా అమ్మకి ఎక్కడం కష్టమైంది, సైడ్ స్టెప్ పెట్టించా.

అయితే యాక్సిల్ మధ్యలో డిఫరెన్షియల్ (చక్రాలకి పవర్ పంచే గేర్ల డబ్బా) ఉంది చూడండి, ఎంత లిఫ్ట్ చేసినా దాని ఎత్తు మారదు. అది పెరగాలంటే పెద్ద టైరే దారి. స్టాక్ 195/80 ఆర్15 నుంచి 215/75కి పోతే పెరిగేది 5 మిమీనే, 235/75 అయితే 20 మిమీ దాకా వస్తది. చేవెళ్ల దాటాక వానాకాలం నల్లరేగడిలో అయితే లిఫ్ట్ ఏం చెయ్యదు, మంచి గ్రిప్ టైరే బయట పడేస్తది. అందుకే ఒక్కదానికే డబ్బులుంటే ముందు టైర్లే కొనండి.

లీగల్ గా కూడా ఆలోచించుకోండి. మోటార్ వెహికల్స్ యాక్ట్ సెక్షన్ 52, దాని మీద 2019లో సుప్రీంకోర్టు తీర్పు, కంపెనీ స్పెసిఫికేషన్ మార్చొద్దనే అంటున్నాయి. సస్పెన్షన్ వారంటీ కూడా పోవచ్చు. పాత స్ప్రింగులు, షాకులు మాత్రం గ్యారేజ్ లో వదిలేసి రాకండి, నావి ఇంట్లో భద్రంగా పెట్టా, బండి అమ్మేటప్పుడు తిరిగి వేయొచ్చు.