తిరుపతిలో తెల్ల ఎలుకలు కొంటున్నారా? "రెండూ ఆడవే సార్" అంటే నమ్మకండి

తిరుపతిలో ఇప్పుడు రంగు చేపలు, లవ్ బర్డ్స్ అమ్మే కొన్ని షాపుల్లో తెల్ల ఎలుకలు కూడా దొరుకుతున్నాయి. సెలవులొస్తే పిల్లలు అడుగుతారు, మనం కొనిస్తాం. షాపు పేరు ఇక్కడ రాయను. ఏం జరిగిందో, కొనేముందు ఏం చూసుకోవాలో మాత్రం రాస్తాను.

మా అమ్మాయి కోసం ఒక జత తెచ్చాను, 800 రూపాయలు. రెండూ ఆడవే కావాలని ముందే చెప్పాను. ఎలుక ఒంటరిగా ఉంటే దిగులు పడిపోతుంది, జత ఉండాల్సిందే. అలాగని ఇంట్లో వాటి సంసారం పెట్టించే ఉద్దేశం నాకు లేదు. షాపతను బోనులో చెయ్యి పెట్టి, చేతికందిన రెండింటిని అట్టపెట్టెలో వేసి "రెండూ ఆడవే సార్, గ్యారంటీ" అన్నాడు. ఒకదాని ముక్కు చుట్టూ ఎర్రగా ఉందేమిటని అడిగితే "బీట్‌రూట్ తినింది సార్" అన్నాడు. తుమ్ముతోంది కదా అంటే "ఫ్యాన్ గాలికి తుమ్ముతాండాది, ఇంటికి పోతే సరిపోతాది" అన్నాడు.

రెండు వారాలైనా కాకముందే ఒకటి ఈనింది. వేలు పొడవైనా లేని గులాబీ రంగు పిల్లలు, గుంపుగా. ఎలుక చూలు 21 నుంచి 23 రోజులు. అంటే అది షాపులోనే కడుపుతో ఉంది. రెండోది మగది! ఈనిన 24 గంటల్లోపే ఆడ ఎలుక మళ్లీ చూలు కట్టగలదు, కాబట్టి మగదాన్ని అప్పటికప్పుడు వేరే బోనులోకి మార్చాం. పిల్లలైనా అంతే. అయిదో వారం వచ్చేసరికి మగవాటిని, ఆడవాటిని విడదీయకపోతే తోబుట్టువులని కూడా చూడవు.

షాపుకెళ్లి అడిగితే గోడ మీద బోర్డు చూపించాడు, అమ్మిన జీవాలు వాపసు తీసుకోరట. తర్వాత కాస్త మెత్తబడి "పిల్లల్ని తెచ్చియ్యండి సార్, అరోవానా చేపలకు మేతగా పోతాయి" అన్నాడు. పక్కనే మా అమ్మాయి ఉంది. ఇంకేం మాట్లాడతాం, బయటికొచ్చేశాం.

ఆడా మగా తేడా తెలుసుకోవడం నిజానికి పెద్ద విద్యేమీ కాదు. నెల దాటిన మగ ఎలుకకు తోక మొదట్లో వృషణాలు స్పష్టంగా కనబడతాయి. మన ఎండలకైతే ఇంకా వేలాడుతూ ఉంటాయి, చలికి లోపలికి లాక్కుంటుంది. మరీ చిన్న పిల్లలైతే మూత్రద్వారానికి, మలద్వారానికి మధ్య దూరం చూడాలి. మగవాటికి ఎక్కువ, ఆడవాటికి తక్కువ. రెండు పిల్లల్ని పక్కపక్కన పెట్టి చూస్తే ఇట్టే తెలుస్తుంది. తోక కొసన పట్టుకుని ఎత్తనివ్వకండి, చర్మం ఊడివస్తుంది. అరచేతిలోకి తీసుకుని చూపించమనండి. ఇంత చేసినా, పెద్ద ఆడా మగా కలిసి ఉన్న బోనులోంచి మాత్రం ఆడ ఎలుకను కొనకండి. కడుపుతో ఉందో లేదో మొదటి రెండు వారాల్లో పైకి చూసి చెప్పడం కష్టం.

ఇక ఆ బీట్‌రూట్ సంగతి. ఎలుక కంటి వెనక ఉండే గ్రంథి నుంచి పార్‌ఫిరిన్ అనే ఎర్రటి పదార్థం వస్తుంది. చూడటానికి రక్తంలాగే ఉంటుంది కానీ రక్తం కాదు. ఒత్తిడిలో ఉన్నా, జబ్బు చేసినా ఎక్కువగా కారి కళ్ల దగ్గర, ముక్కు దగ్గర గడ్డకడుతుంది. కొత్త చోటికి వచ్చిన ఎలుక కొద్ది రోజులు తుమ్మడం మామూలే. తుమ్ములతో పాటు ఈ ఎరుపు, మెడ దగ్గర నిక్కిన వెంట్రుకలు, ఊపిరి తీస్తుంటే డొక్కలెగరడం కనిపిస్తే కొనకండి. దాన్ని చెవి దగ్గర పెట్టుకుని వినండి. గురగురమంటే ఛాతీలో జబ్బున్నట్టే. పెంపుడు ఎలుకల్లో మైకోప్లాస్మా అనే సూక్ష్మజీవి చాలా సాధారణం. యాంటీబయాటిక్‌తో అదుపులో ఉంటుంది తప్ప పూర్తిగా పోదు. మాది ఇప్పటికీ మందు మీదే నడుస్తోంది. డోసు డాక్టరే చెప్పాలి, మనుషుల మాత్ర చిదిమి వేయడం వద్దు.

ఆ జబ్బును రెచ్చగొట్టేవి కూడా అదే షాపులో అమ్ముతారు. మూత ఉన్న గాజు తొట్టి ఇస్తామంటే వద్దనండి. గాలి ఆడక మూత్రంలోని అమోనియా లోపలే నిలిచి ఊపిరితిత్తులను పాడు చేస్తుంది. ఇనుప ఊచల బోను మేలు. "వాసన రాదు" అని ఇచ్చే రంపపు పొట్టు ప్యాకెట్ కూడా అంతే. పైన్, దేవదారు పొట్టులో ఘాటైన నూనెలుంటాయి, ఏ చెక్కదైనా సన్నటి దుమ్ము ముక్కుల్లోకి పోతుంది. పాత నూలు బట్టలు, ముక్కలుగా చింపిన అట్ట పరిస్తే ఖర్చు కూడా లేదు.

ఎండాకాలంలో అయితే అసలు కొనకండి అంటాను. ఎలుకకు చెమట పట్టదు, ఒంట్లో వేడి కొంత తోక ద్వారా బయటికి పోవాలి. 30 డిగ్రీలు దాటితేనే దానికి ఇబ్బంది, మే నెలలో తిరుపతి 40 దాటుతుంది. రేకుల కింద బోనులు పెట్టి అమ్ముతున్న షాపులో అవి బతికున్నాయంటే అదే గొప్ప.

2018లో వచ్చిన పెట్ షాపు నిబంధనల ప్రకారం ప్రతి షాపూ రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు దగ్గర రిజిస్టర్ కావాలి. ఆ సర్టిఫికెట్ చూపించమని అడగండి. బిల్లు అడగండి, అందులో ఎలుక అని, ఆడా మగా అని రాయించండి. రాయనంటే అక్కడే సగం జవాబు దొరికినట్టు. డబ్బు యూపీఐలో కట్టి, రసీదు దాచుకోండి. గొడవైతే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. నా దగ్గర బిల్లు లేదు, అడిగితే "ఎలుకకు బిల్లేంది సార్" అని నవ్వాడు.

డాక్టరు సంగతి కూడా కొనకముందే చూసుకోండి. కుక్కలు, పిల్లులు తప్ప చూడనివాళ్లే ఎక్కువ. మన ఊళ్లో 1955 నుంచీ పశువైద్య కళాశాల ఉంది, ఎలుకల్లాంటి చిన్న జంతువులను అక్కడ ఎప్పుడు చూస్తారో ఒకసారి వెళ్లి కనుక్కోండి.

మా దగ్గర పిల్లలు పెద్దవయ్యాయి, ఆడా మగా వేరు చేసి ఉంచాం. పెంచుకునేవాళ్లుంటే మెసేజ్ పెట్టండి, ఊరికే ఇస్తాం. ఒక్కదాన్ని ఇవ్వం, రెండు ఆడవి గానీ రెండు మగవి గానీ. ఇంట్లో అరోవానా ఉన్నవాళ్లు అడగొద్దు.