డీవీడీ నుంచి థియేటర్ తెరకు: డీసీపీ-ఓ-మ్యాటిక్ సమీక్ష

కార్ల్ హెథరింగ్టన్ రూపొందించిన డీసీపీ-ఓ-మ్యాటిక్ ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్. విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. వీడియోను థియేటర్ సర్వర్ చదవగలిగే డిజిటల్ సినిమా ప్యాకేజీగా, అంటే డీసీపీగా మార్చడం దీని పని. మాస్టర్ ప్రతి పోయి డీవీడీ ఒక్కటే మిగిలిన లఘుచిత్రాలకు, డాక్యుమెంటరీలకు ఇది ఎంతవరకు పనికొస్తుందన్నదే ఇక్కడి ప్రశ్న.

డీవీడీలో దృశ్యం ఎంపెగ్-2 పద్ధతిలో, టీవీ ప్రమాణం పాల్ (భారత్, ఐరోపాలది) అయితే 720×576, ఎన్‌టీఎస్‌సీ (అమెరికా, జపాన్‌లది) అయితే 720×480 పిక్సెళ్లతో ఉంటుంది. డీసీపీలో ప్రతి ఫ్రేమూ విడిగా జేపెగ్ 2000 పద్ధతిలో, ఎక్స్‌వైజెడ్ అనే డిజిటల్ సినిమా రంగుల పద్ధతిలో, 12 బిట్లతో నమోదవుతుంది. థియేటర్లలో వాడే చట్రాల్లో ఒకటైన 2కే ఫ్లాట్ కొలత 1998×1080. వీఓబీ ఫైళ్లను (డీవీడీలో వీడియో ఉండే ఫైళ్లను) వరుసగా చేర్చి కంటైనర్‌ను, అంటే ఫ్లాట్ వంటి చట్రాన్ని ఎంచుకుంటే రంగుల మార్పిడి, పరిమాణం, థియేటర్ల ఆనవాయితీ ప్రకారం పేరు పెట్టడం అన్నీ సాఫ్ట్‌వేరే చూసుకుంటుంది. 4:3 చిత్రం ఫ్లాట్ చట్రం మధ్యలో 1440×1080 మేరకే, ఇరువైపులా నల్లని అంచులతో ఉండాలి. తెర నిండాలని సాగదీస్తే మనుషుల ముఖాలే మారిపోతాయి.

అసలు శ్రద్ధ పెట్టవలసింది ఇంటర్‌లేసింగ్ దగ్గర. వీడియో కెమెరాతో తీసిన డీవీడీలలో సాధారణంగా ఒక్కో ఫ్రేములో రెండు వేర్వేరు క్షణాల గీతలు ఒకటి విడిచి ఒకటిగా ఉంటాయి. టీవీలో పెద్దగా తెలియని ఈ తేడా పెద్ద తెర మీద కదిలే చేతుల అంచుల్లో దువ్వెన పళ్లలా కనిపిస్తుంది. ఈ గీతలను సరిచేసే యాడిఫ్ వంటి ఫిల్టర్లు ఇందులో ఉన్నాయి, కానీ వాటిని మనమే ఎంచుకోవాలి. ఈ ఒక్క విషయంలో సాఫ్ట్‌వేర్ వాడేవారిని ముందుగా హెచ్చరించి ఉంటే ఎంతో బాగుండేదని నా అభిప్రాయం.

ఫ్రేముల వేగం మరో నిర్ణయం. ఏ థియేటర్‌లోనైనా నిస్సందేహంగా ఆడేది సెకనుకు 24 ఫ్రేములే. పాల్ డీవీడీలోని 25 ఫ్రేములను 24కు తగ్గిస్తే చిత్రం 4 శాతం నెమ్మదిస్తుంది, ధ్వని శ్రుతి కూడా కొద్దిగా దిగుతుంది. సినిమాగా తీసి, పాల్ డీవీడీ కోసం వేగం పెంచిన చిత్రానికి ఇది అసలు వేగాన్ని తిరిగి ఇస్తుంది కనుక అక్కడ సంకోచించనక్కరలేదు. పాట ప్రధానమైన వీడియోకైతే, థియేటర్ వారిని అడిగి 25లోనే ఉంచడం మేలు.

ధ్వనిని 48 కిలోహెర్ట్జ్‌కు తేవడంలో లోపమేమీ కనిపించలేదు. స్టీరియో శబ్దం మాత్రం ఎడమ, కుడి స్పీకర్ల నుంచే వస్తుంది కనుక, సంభాషణలు తెర మధ్య నుంచి రావాలంటే అందులోని అప్‌మిక్సర్లను (స్టీరియోను మరిన్ని స్పీకర్లకు పంచే సాధనాలను) ప్రయత్నించి, విని నిర్ణయించుకోవాలి.

గరిష్ఠంగా అనుమతించే సెకనుకు 250 మెగాబిట్ల డేటా వేగంలో గంట నిడివికి ఫైలు సుమారు 112 గిగాబైట్లు అవుతుంది. డీవీడీలో అంత వివరమే లేదు కాబట్టి 100 మెగాబిట్లు చాలు. ఎంత పెంచినా లేని స్పష్టత రాదు. చిత్రం మెత్తగానే కనిపిస్తుంది, అయినా చక్కగా సిద్ధం చేస్తే చూడదగినదిగానే ఉంటుంది. కాపీ రక్షణ ఉన్న డిస్కులను ఇది నేరుగా తెరవదు, హక్కుదారుల అనుమతి ఎలాగూ తప్పనిసరి. ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లోని డ్రైవులో 4 గిగాబైట్లు దాటిన ఫైలు పట్టదు కనుక, డ్రైవు ఏ ఫార్మాట్‌లో ఉండాలో థియేటర్ వారిని ముందే అడిగి, ప్రదర్శనకు కొన్ని రోజుల ముందే వారి సర్వర్‌లో ఎక్కించి పరీక్షించమని కోరాలి.