పుంగనూరు పెయ్య కొంటున్నారా? రంగు చూసి డబ్బులివ్వకండి

విశాఖ చుట్టుపక్కల పెందుర్తి, సబ్బవరం, ఆనందపురం వైపు ఇంటి దగ్గర ఒక ఆవును పెట్టుకుందామని చూస్తున్నవాళ్లు దయచేసి ఇది పూర్తిగా చదవండి. పోయిన నెలలో మేం 90 వేలు పోసి మోసపోయాం.

2024 సంక్రాంతికి ప్రధాని మోదీ తన ఇంట్లో పుంగనూరు ఆవులకు మేత పెడుతున్న ఫొటోలు చూసినప్పటి నుంచి అమ్మకు ఆ ఆవు మీదే మనసు. ఫోన్లో ఒక వీడియో వచ్చింది. మూడడుగుల లోపు ఎత్తు, ఒళ్లంతా ఒకటే ముదురు గోధుమ రంగు. "మూడేళ్ల పెయ్యండి, ఇంక పెరగదు. ఒక్క తెల్ల వెంట్రుక లేదు, అచ్చం కపిల గోవు" అన్నాడు అమ్మే ఆయన. చీకటి పడ్డాక వ్యాన్‌లో తెచ్చి దింపి, డబ్బులు లెక్కపెట్టుకుని వెళ్లిపోయాడు.

మూడో రోజు పొద్దున్న అమ్మ దాన్ని కడిగింది. చెంబుతో పోసిన కొద్దీ డికాషన్‌లాంటి నీళ్లు కాళ్ల కిందికి కారాయి. గోనెగుడ్డతో రుద్దితే నుదుటి మీద అరచేయంత తెల్ల మచ్చ. తోక కుచ్చూ తెల్లదే. అమ్మ గోళ్ల సందుల్లో గోరింటాకు పెట్టుకున్నంత ఎరుపు. జుట్టుకు వేసే రంగు పూశారండీ! చెవి వెనక చర్మం పొక్కిపోయి ఉంది. నోరులేని జీవాన్ని అలా చేయడానికి చేతులెలా వచ్చాయో.

పశువుల డాక్టరు గారు వచ్చి కింది పెదవి తెరిచి చూపించారు. ముందు ఎనిమిదీ పాలపళ్లే. మూడేళ్లదైతే కనీసం రెండు పెద్ద పళ్లు వచ్చి ఉండాలి. మన నాటు ఆవులకు ఉండే మూపురం జాడ లేదు, గంగడోలు లేదు. ఏడాది కూడా నిండని జెర్సీ క్రాస్ దూడ అన్నారు. చిన్నది కాబట్టే పొట్టిగా ఉంది, అంతే.

ఒక మాట స్పష్టంగా చెప్పాలి. తెల్ల మచ్చ ఉన్నంత మాత్రాన పుంగనూరు కాకుండా పోదు. ఆ జాతిలో తెలుపు, బూడిద, లేత గోధుమ నుంచి ముదురు గోధుమ వరకు ఉంటాయి, మచ్చలవీ ఉంటాయి. ఎదిగిన ఆవు ఎత్తు 70 నుంచి 90 సెంటీమీటర్లు. కపిల అన్నది రంగు పేరే, జాతి పేరు కాదు. గుజరాత్ జాతి గిర్ ఆవైనా అంతే, ఎరుపు చూసి నమ్మకండి, ఉబ్బెత్తు నుదురు, మడిచిన ఆకులా వేలాడే పొడుగు చెవులు చూడండి.

పగటిపూటే వెళ్లండి. తడి తెల్లగుడ్డతో నుదురు, తోక గట్టిగా తుడవండి. తల్లిని చూపించమనండి. చెవికి 12 అంకెల ట్యాగ్ ఉంటే ఆ నంబరు మీద ఏ వివరాలు నమోదయ్యాయో పశువుల ఆసుపత్రిలో అడగండి. మా దూడకు ట్యాగే లేదు, మేం అడగనూ లేదు. పళ్లు డాక్టరుకు చూపించాకే అడ్వాన్స్ ఇవ్వండి.

అమ్మిన ఆయన ఫోన్ ఎత్తడం మానేశాడు. దూడను మేమే ఉంచుకున్నాం, పుండు మానుతోంది. కానీ మొన్న మళ్లీ అదే పాక ముందు, అదే పచ్చ పలుపుతో ఇంకో "కపిల పుంగనూరు" వీడియో తిరుగుతోంది. మీ ఫోన్‌కు వస్తే రూపాయి కూడా పంపకండి.