పిల్లల సైన్స్ కిట్: వస్తువులు భేష్, పుస్తకంతోనే పేచీ

పెట్టె మీద ‘ఇంట్లోనే సైన్స్ ల్యాబ్, 5 నుంచి 8 ఏళ్ల వారికి’ అని ఉంది. నేను కాలేజీ ల్యాబ్‌లో పరికరాలు చూసుకునే మనిషిని. ల్యాబ్ అన్న మాట కనబడితే మూత తీసి ఒక్కో వస్తువూ వెలుతురులో పెట్టి చూడకుండా ఉండలేను. మా ఇంట్లో దీన్ని ఆరేళ్ల పాప, నాలుగేళ్ల బాబు వాడారు. నా మార్కులు ఐదుకి మూడు.

మొదటి మార్కు అయస్కాంతాలకే. రెండు బార్ మాగ్నెట్లు, పరీక్షించడానికి మేకులు, రాగి తీగ, అల్యూమినియం రేకు, చెక్క ముక్క, గుండీలు ఇచ్చారు. మెరిసేవన్నీ అంటుకుంటాయని మా పాప ముందే తేల్చేసింది. మేకు టక్కున అంటుకుంది. రాగి ఉలకలేదు, పలకలేదు. “ఇది కూడా మెరుస్తోంది కదా నాన్నా, దీనికేమైంది?” అని నిలదీసింది. అయస్కాంతానికి గట్టిగా అంటుకునేవి ఇనుము, నికెల్, కోబాల్ట్ లాంటి కొన్నే అని చెప్పాను. ఆ తర్వాత ఇల్లంతా తిరిగి తలుపు గొళ్లేలకీ, కుర్చీ కాళ్లకీ అన్నిటికీ పెట్టి చూసింది. స్టీలు గిన్నెల్లో ఒకటి అంటుకుంది, ఇంకోటి అంటుకోలేదు. రెండింట్లోనూ ఇనుము ఉంది. రెండోదాంట్లో నికెల్ కలపడంతో లోపలి అమరిక మారిపోయింది. అంత వివరం ఆరేళ్ల పిల్లకి అక్కర్లేదు, “స్టీల్లో రకాలున్నాయి” అంటే చాలు. పుస్తకంలో మాత్రం ‘అయస్కాంతం లోహాలను ఆకర్షిస్తుంది’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. పిల్ల కళ్లతో చూసిందానికే అది విరుద్ధం.

మట్టి ముద్ద ప్రయోగం కూడా బాగుంది. ఉండ చేసి నీళ్లలో వేస్తే మునుగుతుంది. అదే మట్టిని పడవలా వంచితే తేలుతుంది. మట్టి పెరగలేదు, తగ్గలేదు. పడవ ఎక్కువ నీళ్లని పక్కకి తోస్తుంది కాబట్టి నీళ్లు కూడా దాన్ని అంత గట్టిగా పైకి తోస్తాయి. బాబు ఎక్కువసేపు ఆడింది దీంతోనే. అసలు చిక్కు ఎక్కడంటే, ఆ పేజీ తెరవగానే మునిగిన ఉండ, తేలిన పడవ రెండూ రంగుల బొమ్మల్లో కనబడతాయి. ఏం జరుగుతుందో ఊహించే అవకాశం పిల్లలకి లేదు. పుస్తకమంతా ఇదే వరస. ఫలితం బొమ్మల మీద కాగితాలు అంటించి ఇచ్చాను. అప్పటి నుంచి ఇద్దరూ ముందే పందెం కట్టుకుని చూస్తున్నారు.

కొవ్వొత్తి పేజీ చదివితే నాకు చిర్రెత్తుకొచ్చింది. నీళ్లున్న పళ్లెంలో కొవ్వొత్తి వెలిగించి గాజు గ్లాసు బోర్లిస్తే, అది ఆరిపోయి నీళ్లు లోపలికి ఎక్కుతాయి. ఆక్సిజన్ అయిపోయింది, ఆ ఖాళీలోకి నీళ్లు వచ్చాయి అని రాశారు. అది తప్పు. ఆక్సిజన్ పూర్తిగా అయిపోకముందే మంట ఆరిపోతుంది, పైగా మండేటప్పుడు కార్బన్ డయాక్సైడ్ కూడా పుడుతుంది. నీళ్లు ఎక్కడానికి ముఖ్య కారణం, వేడెక్కిన గాలి చల్లబడి కుంచించుకుపోవడం. జాగ్రత్తగా గమనిస్తే నీళ్లు జోరుగా ఎక్కేది మంట ఆరిన తర్వాతే. ఈ పాత పొరపాటు కొత్త కిట్‌లోనూ అచ్చవడం ఏం బాలేదు. ఈ ప్రయోగానికి అగ్గిపుల్ల పెద్దవాళ్ల చేతిలోనే ఉండాలని వేరే చెప్పక్కర్లేదు.

అట్ట మీద పెద్దగా వేసిన అగ్నిపర్వతం నిమిషంలో ముగిసే హడావిడి. సోడా పొడి, వెనిగర్ కలిసి పొంగుతాయి, పిల్లలు కేరింతలు కొడతారు, అంతే. అదే రెండింటినీ సీసాలో కలిపి మూతికి బెలూన్ తగిలిస్తే బెలూన్ ఉబ్బుతుంది. పుట్టింది గ్యాస్ అని అప్పుడు కదా తెలిసేది! ఆ ప్రయోగాన్ని చివరి పేజీలో మూలకి తోసేశారు. కిట్‌లో పొడి త్వరగా అయిపోతుంది. మామూలు బేకింగ్ సోడా పోసుకోండి, రెండూ ఒకటే.

ఎల్‌ఈడీ బల్బు వెలగకపోతే పాడైందనుకోకండి. పొడవు కాలు బ్యాటరీ ప్లస్ వైపు ఉండాలి. ఆ ముక్క పుస్తకంలో ఎక్కడా లేదు. 1.5 వోల్టుల సెల్ ఒక్కటే పెట్టినా వెలగదు, రెండూ వేయాలి. పాపకి మాత్రం కాళ్లు తిప్పి పెడితే ఆరిపోవడమే పెద్ద వింత.

మార్కులు ఎక్కువగా పోయింది చిన్న పూసల్లాంటి మాగ్నెట్ల దగ్గర. అలాంటివి రెండు మింగితే పేగుల గోడలకి అటూ ఇటూ ఉండి ఒకదాన్నొకటి లాక్కుంటాయి, పేగుకి చిల్లు పడొచ్చు. ఏ ప్రయోగానికీ అవి అవసరం లేదు, మరెందుకు పెట్టారో! నేను వెంటనే తీసేశాను. భూతద్దంతో సూర్యుణ్ణి చూడొద్దని మాత్రం పెద్ద అక్షరాల్లో వేశారు, ఆ విషయంలో మెచ్చుకోవాలి. భూతద్దం ప్లాస్టిక్‌దే అయినా గీతలు పడలేదు.

ఆరేళ్లు దాటిన పిల్లలుండి, పక్కన కూర్చునే తీరిక మీకుంటే కొనండి. పెట్టె వాళ్ల చేతికిచ్చి మీ పని చూసుకుందామనుకుంటే మాత్రం ఇది పనికిరాదు. నాలుగేళ్ల వాళ్లకైతే మట్టి, టబ్బులో నీళ్లు చాలు, వాటికి కిట్టే అక్కర్లేదు.