కొత్తవాడ దర్రీ, మా సెల్లార్ బెడ్‌రూం: ఒక వానాకాలం దాటినంక రాస్తున్న రివ్యూ

రివ్యూ దర్రీదే గాని ముందు రూం సంగతి చెప్పాలె, లేకుంటే ఒక జంపఖానాకు ఇంత రాతేంది అనుకుంటరు. మా ఇల్లు హన్మకొండల పద్మాక్షి గుట్ట దిక్కు, జాగ ఏటవాలుగ ఉంటది, రోడ్డు మీదికెళ్ళి చూస్తే గ్రౌండ్ ఫ్లోర్, వెనక సందులకు పోయి చూస్తే దాని కింద సగం భూమిలకు దిగిన ఇంకో రూం కనవడ్తది. బాపు ఇల్లు కట్టినప్పుడు సామాన్లకు ఉంటదిలే అని వదిలేసిండు. 12కు 11 అడుగులు, ఎత్తు 8 అడుగుల మీద రెండంగుళాలు, ఒక గోడ మొత్తం మట్టికి ఆనుకొని ఉంటది, ఎదురు గోడకు పైన రెండు వెంటిలేటర్లు, సందులకు ఒక తలుపు, అంతే. ఏనుమాముల మార్కెట్‌ల రేటు మంచిగ లేదంటే పెద్దనాయిన వాళ్ల చపాటా మిర్చి బస్తాలు నాలుగైదు కొన్ని రోజులు అండ్లనే పడి ఉండేటియి. చపాటా అంటే తెలుసు కదా, కారం తక్కువ రంగు ఎక్కువ, ఆ రంగు గచ్చు మీద ఎర్రగ మచ్చలై కూసున్నది, ఎంత తోమినా పోలే.

చెల్లె గ్రూప్స్‌కు చదువుతున్నది. పైన టీవీ సప్పుడు, వచ్చిపోయేటోళ్లు, "నాకు కింది రూం ఇయ్యుండ్రి, నేనే మంచిగ చేస్కుంట" అన్నది. ఫోన్‌ల నలభై ఫొటోలు జమ చేసి పెట్టుకున్నది, అన్నీ చలిదేశపోళ్ల బేస్‌మెంట్‌లు, గోడకు చెక్క, కిందంతా మెత్తటి కార్పెట్, పసుపు లైట్లు. చూడనీకి మస్తుగున్నయ్, కాదనను. కాని వాళ్ల నేల వేరు మన నేల వేరు. ఇంకోటి, అపార్ట్‌మెంట్ సెల్లార్ల ఇట్ల రూం వేస్కుందామని ఎవరన్న చదువుతుంటే ఇక్కడ్నే ఆగుండ్రి, అది పార్కింగ్ కోసం ఇచ్చిన జాగ. మాది సొంత ఇల్లు, తలుపు నేరుగ బయటికే ఉన్నది, అందుకే ధైర్యం చేసినం.

మొదటి సంవత్సరం చేసిన తప్పు ఒప్పుకుంట. ఊళ్లనే ఒక ఇంటీరియర్ ఆయనను పిలిచినం, పేరొద్దు. వచ్చి పది నిమిషాలు చూసిండు, గోడ మీద చెయ్యి కూడ పెట్టలే, ఇటుకల డిజైన్ వాల్‌పేపర్ వేస్తే రూం లుక్కే మారిపోతది అన్నడు, కింద గమ్ముతోని అతికించే కార్పెట్ అన్నడు, రెండు కలిపి 21 వేలు తీస్కున్నడు. ఐపోయిన రోజు నిజంగనే హోటల్ రూం లెక్క ఉండె. వానలు మొదలైనంక ఐదో వారంల మంచం వెనక పేపర్ ఉబ్బింది, చేత్తోని ఒత్తితే లోపల గాలి కదిలినట్టు అవుతుండె. ఇంకో పదిహేను రోజులకు మూలలకు నల్లటి సుక్కలు, తలుపు తీయంగనే ముక్కిన బియ్యం వాసన. ఒక మూల పట్టుకొని గుంజితే అరచేతి మందం ముక్క ఊడొచ్చింది, పేపర్ వెనక అంత నల్ల బూజు, గోడ మీద తెల్లగ ఉప్పు లేసి ఉన్నది. కార్పెట్ కింద ఇంకా ఘోరం. ఫోన్ చేస్తే "సార్, అది మీ గోడ ప్రాబ్లం" అన్నడు. కోపం వచ్చింది గాని సగం మాట నిజమే, గోడదే ప్రాబ్లం, కాని అది అతికించకముందు చెప్పాలె కద అన్నా.

ఆ తర్వాత మాకు తెలిసిన ముసలి మేస్త్రిని తీస్కొచ్చినం. ఆయన ఏం కొలతలు తియ్యలే, ఒక పాలిథీన్ కవర్ కోసి గోడకు నాలుగు దిక్కుల టేప్ పెట్టి అతికించి, రెండు రోజులైనంక చూస్తానని పోయిండు. కవర్ లోపలి దిక్కు నీటి సుక్కలు కనవడితే గోడలకెళ్ళి వస్తున్నట్టు, బయటి దిక్కు కనవడితే రూంల గాలిల తడి అన్నట్టు. మాకు లోపలి దిక్కే చెమట పట్టినట్టు ఉండె. అప్పుడు ఇంటి చుట్టూ ఒక రౌండు కొట్టి నవ్విండు, డాబా మీది వాన నీళ్ల పైపు సక్కగ ఆ గోడ మొదట్లనే వదిలి ఉన్నది! ఇన్నేండ్లు మేం ఎవ్వలం చూడలే. 2023 జులైల నయీంనగర్ నాలా పొంగి కాలనీలకు నీళ్లొచ్చినప్పుడు, మేం గుట్ట మీదున్నం మనకేం కాదు అని మురిసినోళ్లం, మా నీళ్లు మేమే మా గోడకు తాగిపిస్తున్నం.

పైపు పొడుగు చేసి సందు మోరీలకు కలిపినం. లోపల నాలుగు అడుగుల ఎత్తు వరకు పాత ప్లాస్టర్ కొట్టేసి, ఉప్పు బ్రష్‌తోని దులిపి, వాటర్‌ప్రూఫ్ సిమెంట్ స్లర్రీ రెండు కోట్లు, మళ్ల ప్లాస్టర్. కొట్టినప్పుడు మిర్చి ఘాటు లేసింది చూడుండ్రి, మేస్త్రి, ఆయన కొడుకు, నేను, ముగ్గురం ఒకటే తుమ్ములు, మూడేండ్ల కింది బస్తాల ఘాటు! ఏప్రిల్ మొత్తం ఫ్యాన్ పెట్టి ఆరనిచ్చినం. రంగు కాడ మేస్త్రి ఒక్కటే మాట మీద ఉన్నడు, ప్లాస్టిక్ పెయింట్ వద్దు సున్నం కొట్టు, గోడ ఊపిరి తీస్కోవాలె, మిగిలిన తడి అట్లనే బయటికి పోతది అని. తెల్ల సున్నంల జర పసుపు మట్టి రంగు కలిపి కొట్టినం. చెయ్యి రాస్తే కొంచెం పొడి అంటుతది, అందుకే మంచం తల దిక్కు ఒక పాత నేత దుప్పటి కర్రకు వేలాడగట్టినం, తీస్తే వస్తది, ఉతుకుతే పోతది.

ఇగ దర్రీ. గచ్చు మీద ఎర్ర మచ్చలు కనవడొద్దు, కాలికి సల్లగ తగలొద్దు, కాని అతికించేది ఏదీ ఇంకోసారి ఇంట్లకు రానియ్య అని బాపు తేల్చి చెప్పిండు. కొత్తవాడ అంటే వరంగల్‌ల దర్రీలు నేసే వాడ, మా ఇంటికి బండి మీద ఎంత దూరం, ఐనా పుట్టి పెరిగి ఎన్నడూ దర్రీ కొననీకి పోలేదు, గదీ మన కథ. వరంగల్ దర్రీలకు 2018ల జీఐ ట్యాగ్ (ఇది ఫలానా ఊరి సరుకే అని ఇచ్చే గుర్తింపు) కూడ వచ్చింది. గల్లీలల్ల ఇప్పటికీ మగ్గాల సప్పుడు వినవడ్తది గాని మునుపటంత లేదు. ముందలి రూంల అమ్ముతూ వెనక రూంల నేసే ఒక ఇంటికి పోయినం, అరవై దాటిన పెద్దాయన కూసొని ఉండె.

చెల్లె జనపనార దర్రీ మీద మనసు పడ్డది, ఫొటోలల్ల అట్లనే ఉంటది కదా. ఆయన అడిగిండు, "ఏ రూంకు బిడ్డ?"

"కింది రూం పెద్దయ్యా, సగం భూమిల ఉంటది."

"ఐతే ఇది కొనకు. జనపనార తడి గుంజుకుంటది, మల్ల ఇడువది. పత్తిది తీస్కపో, పదిహేను రోజులకు ఒకసారి ఎండల ఎయ్యి. నాకు అది అమ్మితే మూడు వందలు ఎక్కువే వస్తది, కని నువ్వు మల్ల ఇటు దిక్కు రావు."

గంతే, అక్కడ్నే ఫిదా ఐపోయిన.

తీస్కున్నది 4కు 6 అడుగుల ఇంటర్‌లాక్ దర్రీ (రంగు మారే కాడ దారాలు ఒకదాంట్ల ఒకటి మెలేసి నేసేది), మెరూన్ మీద తెలుపు నలుపు మెట్ల డిజైన్, 2,400 రూపాయలు. మెరూన్ ఎందుకంటే మచ్చ అంచు బయటికి కనవడ్డా డిజైన్‌లనే కలిసిపోతది, ఇది చెల్లె తెలివి. రెండు దిక్కుల ఒకటే తీరు ఉంటది, తిప్పి వేస్కోవచ్చు. కొనేటోళ్లు చూస్కోవాల్సింది ఒకటున్నది, వరంగల్ దర్రీ అని చెప్పి మిషన్ మీది పాలిస్టర్‌వి కూడ అమ్ముతున్నరు. చివర్ల కుచ్చులు చూడుండ్రి, చేతి మగ్గం దానికి పడుగు దారాలే (మగ్గం మీద నిలువుగ కట్టేటియి) కుచ్చులై వేలాడుతయ్, మిషన్‌దానికి ఎక్కువగ తర్వాత కుట్టి ఉంటయ్. ఒక దారం పీకి కాల్చినా తెలుస్తది, పత్తి ఐతే కాగితం కాలిన వాసనొచ్చి బూడిద రాలుతది, పాలిస్టర్ ఐతే కరిగి గట్టి పూస లెక్క ముడుచుకుంటది. పెద్దాయనే అగ్గిపెట్టె ఇచ్చి కాల్చి చూపెట్టిండు.

వేసిన రోజు రూం ఎట్ల మారిందో చెప్తే నమ్మరు. అప్పటిదాంక సున్నం గోడలు, గచ్చు, ఇనుప మంచం, ఆస్పత్రి వార్డు లెక్క ఉండె, సప్పుడు కూడ గుయ్యిమని మోగుతుండె. దర్రీ పడంగనే ఆ మోత తగ్గింది, మాట మెత్తగ వినవడ్తుంది. లైట్లు కూడ మార్చినం, తెల్ల ట్యూబ్‌లైట్ 6500 కెల్విన్‌ది పీకేసి 2700 కెల్విన్ బల్బులు రెండు (కెల్విన్ అంకె తగ్గినకొద్ది వెలుగు పసుపైతది), ఒకటి మూలకు నేల మీది దీపంల, ఒకటి మంచం పక్కన, చదువుకునే టేబుల్ మీద మాత్రం 4000ది, లేకుంటే పుస్తకం ముందట నిద్రొస్తది. ఆ పసుపు వెలుగుల మెరూన్ ఎట్ల మెరుస్తదో. ఫాల్స్ సీలింగ్ జోలికి పోలే, ఉన్న ఎత్తే అంతంత మాత్రం. కర్టెన్ వెంటిలేటర్ సైజుకు కాకుండ పైకప్పు కాడికెళ్ళి నేల దాంక వేసినం, అక్కడ పెద్ద కిటికీ ఉన్నట్టు అనిపిస్తది, ఎదురుంగ సెకండ్ హ్యాండ్ అద్దం పెట్టినం, పొద్దుగాల రెండు గంటలు వచ్చే ఎండ ఆ గోడ కాడికెళ్ళి ఈ గోడకు పడ్తది. బీరువా పార్టికల్ బోర్డ్‌ది వద్దన్నం, తడి తగిలితే అటుకులు నానినట్టు ఉబ్బుతది. ఇన్వర్టర్ బ్యాటరీ అండ్లనే ఉండె, అది పైకి మెట్ల కిందికి మార్చినం, నీళ్లు పోసే బ్యాటరీ చార్జింగ్‌ల గ్యాస్ వదుల్తది, మనిషి పండే రూంల ఉండొద్దు.

దర్రీల లోపాలు లేవా అంటే ఉన్నయ్. కొత్తల గచ్చు మీద జారుతది, అమ్మ ఒకసారి పడబోయింది, కింద రబ్బరు జాలి వేసినం, 350 రూపాయలు. మొదటి ఉతుకుల ఉప్పు వేసి సల్లనీళ్లల్ల నానబెట్టినా మెరూన్ జరంత తెల్ల గీతలకు అంటింది, లేత గులాబీ రంగు వచ్చింది, చెల్లెకు నచ్చింది గాని నాకు నచ్చలే. తడిస్తే బరువు, ఇద్దరం లేకుంటే పిండలేం. ఒక మూల లేసి వంకరగ ఉంటది, చాప కింద పెట్టి రెండు రోజులు తొక్కితే సగం దారికొచ్చింది. కొలత కూడ చెప్పిన దానికన్న రెండంగుళాలు తక్కువ, మగ్గం మీది పని కదా అని ఊకున్న.

అసలు పరీక్ష వానాకాలమే. తేమ చూపించే చిన్న మీటర్ ఒకటి కొని గోడకు పెట్టిన. ఆగస్టుల ముసురు పట్టిన వారంల 78 శాతం చూపెట్టింది. వెంటిలేటర్లు తెరిస్తే తగ్గుతదనుకున్న, ఇంకా పెరిగింది, బయటి తడిగాలి లోపలి సల్ల గోడకు తగిలి నీళ్లవుతది కాబట్టి ఆ వారం మూసిపెట్టి ఏసీ డ్రై మోడ్‌ల రోజూ మూడు గంటలు నడిపితే 60 లోపలికి వచ్చింది. దర్రీ మెత్తగ, కొంచెం తడి తడిగ అనిపించింది గాని బూజు పట్టలే, ఎండ రాంగనే డాబా మీద పిట్టగోడకు వేసి తిప్పి ఆరబెట్టినం, సాయంత్రానికి ఎండ వాసనతోని మళ్ల కిందికి. ఆ ఇటుకల వాల్‌పేపర్‌ను ఎండల ఎట్ల వేస్తం చెప్పుండ్రి. మే నెల సంగతి వేరే చెప్పక్కర లేదు, బయట 43 ఉన్న మధ్యాహ్నం ఇంట్ల అందరం ఆ దర్రీ మీదనే, చదువుకునే రూం అని చెల్లె మొత్తుకుంటనే ఉన్నది.

ఐదుకు నాలుగు స్టార్లు. ఒకటి రంగు దిగినందుకు తీసేసిన. సెప్టెంబర్‌ల మళ్ల పోయి మంచం అవతలి దిక్కుకు 3కు 5ది ఒకటి అడిగిన, ఇగో ఈసారి గులాబీ కావొద్దు పెద్దయ్యా అంటే రంగు డబ్బాలు చూపెట్టి, తెల్లదారం లేకుండ నీలం, నలుపు నేస్త అన్నడు. మూడు వారాలు పడ్తదట, మగ్గం మీద ఎవలదో పెద్దది ఉన్నది.